పిల్లలతో మొదటిసారి స్కీయింగ్‌కా, అయితే వెంగెన్ చూడండి
స్విట్జర్లాండ్‌లో పిల్లలతో స్కీయింగ్ అనుకుంటే వెంగెన్ బాగుంటుంది, 1274 మీటర్ల ఎత్తులో చిన్న ఊరు, కార్లు రావు, కింద లౌటర్‌బ్రున్నెన్ స్టేషన్ దగ్గర పార్కింగ్‌లో కారు పెట్టేసి రైలెక్కితే పావుగంటలో పైన ఉంటారు. నేర్చుకునేవాళ్ళ స్లోప్ ఊరి మధ్యలోనే కాబట్టి పిల్లలు ఏడుపు మొదలెడితే రూముకి తెచ్చేసుకోవచ్చు (మావాడు రెండో రోజే మొదలెట్టాడు లెండి). జనవరి మధ్యలో మాత్రం వద్దు, అక్కడ జరిగే లౌబర్‌హార్న్ స్కీ రేసులకి జనం విరగబడతారు, ఇంక ప్రశాంతత ఎక్కడ. గ్లోవ్స్ మాత్రం తలా రెండు జతలు పెట్టుకోండి, రాత్రంతా హీటర్ మీద ఆరేసినా పొద్దున వేళ్ళ చివర్లో చెమ్మ అలాగే ఉంటుంది, అది తొడుక్కోమంటే ఏ పిల్లా ఒప్పుకోదు. స్కీలు, బూట్లు అక్కడే అద్దెకిస్తారు, మోసుకెళ్ళక్కర్లేదు.