తల ఎక్స్‌రే పొజిషనింగ్, 3వ భాగం: వాటర్స్ వ్యూ

పోయిన భాగంలో లాటరల్ సెఫ్ (తలను పక్క నుంచి తీసే ఎక్స్‌రే) చూశాం కదా, అక్కడ చెవుల్లో రాడ్లు పెట్టేశాక సగం పని మెషీనే చేసిపెడుతుంది. వాటర్స్ వ్యూలో ఆ సాయం ఉండదు. పై పన్ను ఇన్ఫెక్షన్ సైనస్ (ముఖం ఎముకల్లోని గాలి గది) దాకా పాకిందా, చెంప ఎముక విరిగిందా అని చూడ్డానికి తీసే ఫిల్మ్ ఇది. సీబీసీటీ (దవడలు, పళ్ల 3డీ స్కాన్) ఉన్నచోట దీని వాడకం తగ్గింది, అయినా నేర్చుకోవాల్సిందే.

ముందు కళ్లజోడు, కమ్మలు, హెయిర్ క్లిప్పులు, కట్టుడు పళ్లు తీయించండి. ముక్కుపుడక గురించి విడిగా అడగండి, చాలామందికి అది ఉందన్న సంగతే గుర్తుండదు.

పేషెంట్ సెన్సర్ వైపు మొహం పెట్టి నిలబడాలి లేదా కూర్చోవాలి. పడుకోబెట్టి తీస్తే సైనస్‌లో చీము ఉన్నా దాని మట్టం గీతలా కనపడదు. గడ్డం సెన్సర్‌కి ఆనాలి, ముక్కు కొంచెం ఎడంగా ఉండాలి. కంటి బయటి మూల నుంచి చెవి రంధ్రానికి గీసిన గీత సెన్సర్‌తో 37 డిగ్రీల కోణంలో ఉండాలని పాఠ్యపుస్తకాలు చెప్తాయి, కానీ ఎదురుగా పేషెంట్‌ని పెట్టుకుని 37 డిగ్రీలు ఎవరు కొలుస్తారండీ! నేనైతే పక్కకు వెళ్లి గడ్డం నుంచి చెవి రంధ్రానికి ఒక గీత ఊహించుకుంటా. సెన్సర్ నిటారుగా ఉన్నప్పుడు ఆ గీత నేలకు సమాంతరంగా కనిపిస్తే చాలు. బీమ్ కూడా నేలకు సమాంతరంగానే తల వెనక నుంచి వచ్చి, ముక్కు కింద పై పెదవి మొదలయ్యే చోట బయటపడాలి.

మొదట్లో నేను "తల ఎత్తండి" అనేవాణ్ని. ఒకాయన నడుము దగ్గర్నుంచి మొత్తం వెనక్కి వాలిపోయి గడ్డం సెన్సర్‌కి జానెడు దూరం చేసేశాడు, ఫిల్మ్ రెండోసారి తీయాల్సొచ్చింది. అప్పట్నుంచి "గడ్డం ఇక్కడ ఆనించి పైకప్పు వైపు చూడండి" అంటున్నా. దెబ్బలు తగిలి వచ్చినవాళ్ల విషయంలో మెడకు ప్రమాదం లేదని డాక్టర్ తేల్చేదాకా తల ఎత్తించొద్దు.

ఫిల్మ్ రాగానే పెట్రస్ గట్లు (లోపలి చెవి ఉండే గట్టి ఎముక పై అంచులు) ఎక్కడున్నాయో చూడండి. మాక్సిలరీ (పై దవడ) సైనస్ అడుగుకి సరిగ్గా కింద ఉండాలి. సైనస్ మీద పడ్డాయంటే గడ్డం చాల్లేదు, ఇంకా ఎత్తించాలి. మరీ కిందకు జారితే ఎక్కువ ఎత్తించామన్నమాట, సైనస్ పొట్టిగా కుదించినట్టు కనిపిస్తుంది. రెండు కళ్ల గూళ్ల బయటి అంచుల నుంచి పుర్రె అంచుకు దూరం రెండు వైపులా సమానంగా లేకపోతే తల పక్కకు తిరిగినట్టే.

ఇదే పొజిషన్‌లో నోరు తెరిపించి తీస్తే స్ఫీనాయిడ్ సైనస్ (ముక్కు వెనక, పుర్రె లోతున ఉండేది) కూడా కనిపిస్తుంది. వచ్చే భాగంలో కాండైల్స్ (కింది దవడ కీలు తలలు) కోసం తీసే రివర్స్ టౌన్స్ వ్యూ, అందులో నోరు తెరిపించడం తప్పనిసరి.