ఇంట్లోనే గడ్డం దిద్దుకుందాం – 3వ పాఠం: మెడ మీద గీత

పోయిన పాఠంలో పెద్ద గార్డుతో (ట్రిమ్మర్‌కు తగిలించే దువ్వెన లాంటి తొడుగు) మొదలుపెట్టి, ఒక్కో సైజు తగ్గించుకుంటూ గడ్డాన్ని అంతటా ఒకే పొడవుకు తెచ్చుకున్నాం. ఈ వారం మెడ మీద గీత. నా దృష్టిలో మొత్తం పనిలో ఇదే ముఖ్యం. చెంపలు కాస్త అటూఇటూ అయినా ఎవరూ పట్టించుకోరు. మెడ గీత తప్పితే మాత్రం మంచి గడ్డం కూడా అతికించినట్టు కనిపిస్తుంది.

అయ్యప్ప దీక్ష ముగించినవాళ్లకు ఈ పాఠం నేరుగా పనికొస్తుంది. గడ్డం నెలకు సుమారు సెంటీమీటరు పెరుగుతుంది. అంటే 41 రోజులకు దిద్దుకోవడానికి సరిపడా గడ్డం వచ్చేసినట్టే. మాల తీశాక అంతా గీయించుకోవడం అలవాటే కానీ, ఈసారి ఉంచి చూద్దాం అనుకునేవాళ్లు మెడ దగ్గర మొదలుపెట్టండి.

చాలామంది చేసే తప్పు దవడ ఎముక వెంట గీయడం. నేనూ మొదట్లో అలాగే గీశాను. అద్దంలో నేరుగా చూస్తే బాగానే ఉంది. తల కాస్త వంచేసరికి గదమ కింద చర్మం తెల్లగా బయటపడి, లేని కండ కూడా ఉన్నట్టు కనిపించింది. మళ్లీ పెరగడానికి మూడు వారాలు ఆగాల్సి వచ్చింది. గీత ఉండాల్సింది దవడ మీద కాదు, దాని కింద, గదమ అడుగుభాగం మెడతో కలిసే మడత దగ్గర.

ఆ చోటు ఇలా పట్టుకోండి. గడ్డం పొడిగా ఉండాలి. తడి వెంట్రుక పొడవుగా కనిపించి మోసం చేస్తుంది. తల నిటారుగా పెట్టి, గుటక వేస్తే పైకీ కిందికీ కదిలే గొంతుముడిని వేలితో తాకండి. దానిపైన రెండు వేళ్లు అడ్డంగా ఆనించండి. పై వేలి అంచు ఎక్కడుందో అదే గీతకు అడుగు. గార్డు తీసేసిన ట్రిమ్మర్‌తో అక్కడ వెంట్రుకల్లో చిన్న గుర్తు పెట్టండి. గుర్తు పెట్టేటప్పుడు తల పైకెత్తకండి. ఎత్తితే చర్మం సాగి, చోటు మారిపోతుంది. గుర్తు అయ్యాకే తల ఎత్తాలి.

ఇప్పుడు ఆ గుర్తు నుంచి ఒక్కో చెవి వెనక్కి ఊయల తాడులా వంపు తిరిగిన గీత ఊహించుకోండి. మధ్య నుంచి కుడి చెవి వైపు సగం, మళ్లీ మధ్య నుంచి ఎడమ వైపు సగం. ఒక పక్క పూర్తిగా ముగించి రెండో పక్కకు వెళ్లకండి, రెండూ సమానంగా రావు. ట్రిమ్మర్‌ను ఒక్కసారిగా లాగకుండా, చిన్న చిన్నగా ఆనించి తీయండి. అనుకున్నదానికంటే కొంచెం కిందే ఆగితే మంచిది. తర్వాత పైకి జరపొచ్చు.

గీత కింద మిగిలినదాన్ని రేజర్‌తో తీసేయండి. మెడ మీద వెంట్రుకలన్నీ కిందికే పెరగవు. పక్కల్లో అడ్డంగానో, పైకో తిరిగి ఉంటాయి. వేలితో రాసి చూడండి, నున్నగా తగిలే వైపే రేజర్ నడవాలి. ఎదురు గీస్తే ఇంకా నున్నగా వస్తుంది, నిజమే. కానీ ఉంగరాల వెంట్రుకలున్నవాళ్లకు తెగిన మొన మళ్లీ చర్మంలోకే వంగి పెరిగి ఎర్రటి పొక్కులు వస్తాయి. అలాంటి పొక్కులున్నవాళ్లు మెడకు రేజర్ మానేసి ట్రిమ్మర్‌తోనే సరిపెట్టుకోండి.

గాటు పడితే తడిపిన పటిక ముక్క నెమ్మదిగా అద్దండి, రక్తం ఆగుతుంది. సెలూన్లో షేవింగ్ అయ్యాక రాసేది ఇదే. ఒక నిమిషం ఉంచి నీళ్లతో కడిగేయండి, లేకపోతే చర్మం పొడిబారుతుంది.

చివరగా, గీతకు పైన వేలెడు మందాన గడ్డాన్ని ఒక సైజు చిన్న గార్డుతో తీయండి. గడ్డం అంచు దగ్గర ఠక్కున ఆగినట్టు కాకుండా మెల్లగా పలచబడుతుంది.

మూడు నాలుగు రోజులకొకసారి అదే గీత మీద తీస్తూ ఉండండి. వచ్చే పాఠంలో చెంప గీత, మీసం చివర్లు. అప్పటిదాకా చెంపల మీద ట్రిమ్మర్ పెట్టకండి. అక్కడ ఎంత పెరుగుతుందో చూశాకే గీత ఎక్కడ పెట్టాలో తెలుస్తుంది.