ప్రోగ్రామర్లకు మెలికల ముగ్గు: 3×4 చుక్కల నుంచి కోడ్ దాకా

సాఫ్ట్‌వేర్ పనిలో ఉన్నవాళ్లు సెలవు రోజుల్లో గిటార్, ఫొటోగ్రఫీ, బ్రెడ్ తయారీ లాంటివి పట్టుకుంటారు. మంచివే. కాకపోతే సామానుకి డబ్బు పోయాలి, అవి ఆఫీసు పనికి ఎలా పనికొస్తాయో చెప్పమంటే మాట సాగదీయాలి. మెలికల ముగ్గుతో ఆ ఇబ్బంది లేదు. కొన్ని ఊళ్లలో దీన్నే తిప్పుడు ముగ్గు అంటారు. ఒక నోట్‌బుక్, పెన్సిల్‌తో మొదలుపెట్టొచ్చు. ఇందులో పడే తప్పులు మనం రోజూ కోడ్‌లో చేసే తప్పులే. ఇది ఆడవాళ్ల పని అని పక్కన పెట్టిన మగ ఇంజనీర్లు పోగొట్టుకున్నది తక్కువేం కాదు.

కంప్యూటర్ సైన్సుకీ దీనికీ చుట్టరికం ఉంది. మద్రాస్ క్రిస్టియన్ కాలేజీకి చెందిన గిఫ్ట్ సిరోమణి, రాణి సిరోమణి, కమలా కృతివాసన్‌తో కలిసి తమిళనాట కోలం అని పిలిచే ఈ ముగ్గుల్ని అర్రే గ్రామర్లతో వర్ణిస్తూ 1974లో పరిశోధన పత్రం రాశారు. అది బొమ్మల్ని భాషలాగా, నియమాలతో పుట్టించే పని.

చుక్కలు కలిపే ముగ్గు వేరు, మెలికల ముగ్గు వేరు. మొదటిదాంట్లో గీత చుక్క నుంచి చుక్కకి వెళుతుంది. మెలికల ముగ్గులో గీత చుక్కని తాకదు, చుక్కల మధ్య సందుల్లోంచి తిరుగుతుంది. గీతకి తెగిన కొస ఉండకూడదు, ఏ చుక్కా బయట మిగలకూడదు. ఇక్కడ చెప్పేదంతా ఈ రెండో రకం గురించే.

కావలసినవి

ముందు నేల జోలికి వెళ్లకండి, కాగితం మీద మొదలుపెట్టండి. 5 మిల్లీమీటర్ల దూరంలో చుక్కలు అచ్చువేసిన నోట్‌బుక్, పెన్సిల్, రబ్బరు, నాలుగు రంగు పెన్సిళ్లు చాలు. నోట్‌బుక్‌లో చుక్క వదిలి చుక్కని పెద్దదిగా దిద్దితే ముగ్గు చుక్కల మధ్య దూరం సెంటీమీటరు అవుతుంది. మధ్యలో మిగిలిన చిన్న చుక్క మీదుగానే గీత వెళుతుంది కాబట్టి దారి తప్పే అవకాశం తక్కువ. గళ్ల కాగితమూ పనికొస్తుంది. టాబ్లెట్ మీద వద్దు. వెనక్కి తిప్పుకునే బటన్ చేతికింద ఉంటే ఎవరూ ముందు ఆలోచించి గీయరు.

మొదటి ముగ్గు: అడ్డం 3, నిలువు 4

మూడేసి చుక్కలతో నాలుగు వరుసలు పెట్టండి. ఈ 12 చుక్కల చుట్టూ అర సెంటీమీటరు ఎడంగా ఒక పెట్టె ఉందనుకోండి. దాన్ని సన్నగా గీసుకున్నా పరవాలేదు, తర్వాత చెరిపేయొచ్చు.

కింది వరుసలో ఎడమ చుక్కకి సరిగ్గా కింద, పెట్టె అంచు మీద పెన్సిల్ పెట్టండి. అక్కణ్ణుంచి కుడివైపు పైకి, ఏటవాలుగా, 45 డిగ్రీల్లో వెళ్లండి. వరుసల్ని కింది నుంచి లెక్కపెడదాం. మొదట కింది వరుస ఒకటో, రెండో చుక్కల మధ్య నుంచి వెళతారు. తర్వాత మధ్య నిలువు వరుసలో ఒకటో, రెండో చుక్కల నడుమ. ఆ తర్వాత రెండో వరుసలో రెండో, మూడో చుక్కల మధ్య. అదే వాలులో ఇంకా పైకి పోతే కుడి అంచుకి చేరతారు, మూడో వరుస చివరి చుక్క పక్కన. అక్కడ ఆ చుక్కని బయటి నుంచి గుండ్రంగా చుట్టి ఎడమవైపు పైకి తిరగండి. మిగతాదంతా ఇంతే: అంచు తగిలినప్పుడే తిరగాలి, ఇంకో గీత అడ్డొస్తే దాన్ని దాటి నేరుగా పోవాలి. మూల చుక్క దగ్గర మాత్రం గీత రెండు అంచుల్నీ వెంటవెంటనే తాకుతుంది కాబట్టి చుక్క చుట్టూ పూరేకులాంటి మలుపు వస్తుంది.

చేయి ఎత్తకుండా తిరిగితే గీత బయల్దేరిన చోటికే వచ్చి కలుస్తుంది. సరిగ్గా వచ్చిందో లేదో కంటితో చూసి తేల్చకండి, లెక్కపెట్టండి. పక్కపక్కన ఉన్న ప్రతి రెండు చుక్కల మధ్యా ఒక కూడలి ఉండాలి: అడ్డంగా 8, నిలువుగా 9, మొత్తం 17. గీత అంచుని 14 చోట్ల తాకాలి. 16 కూడళ్లే వచ్చాయంటే ఎక్కడో కూడలిలో తిరిగిపోయారన్నమాట. అంచు తాకుళ్లు 13 అయితే చివరి చుక్కని బయటి నుంచి చుట్టకుండా లోపలి నుంచే మళ్లారు. కొత్తవాళ్లు ఎక్కువగా చేసేది ఈ రెండో తప్పే. కోడ్‌లో లూపు ఒక అడుగు ముందే ఆగిపోవడం అంటామే, అచ్చం అదే. అందుకే గీయకముందే 17, 14 అని పేజీ మూల రాసిపెట్టుకోండి. ఫలితం చూశాక రాసుకున్న లెక్క ఫలితానికి అనుకూలంగానే వస్తుంది, టెస్టులూ అంతే.

ఎన్ని గీతలు వస్తాయి?

ఇప్పుడు 4×4 గీయండి. మొదటి గీత త్వరగా మూసుకుపోతుంది, చాలా చుక్కల చుట్టూ ఖాళీ మిగులుతుంది. మీ తప్పు కాదు. 4×4కి నాలుగు విడివిడి గీతలు కావాలి. 4×6కి రెండు, 5×4కి ఒకటే, 3×6కి మూడు. సూత్రం బళ్లో చదువుకున్నదే: అడ్డం, నిలువు చుక్కల సంఖ్యలకి గసాభా (గరిష్ఠ సామాన్య భాజకం) ఎంతో అన్ని గీతలు. ఒక్క గీతతో ముగ్గు మొత్తం రావాలంటే ఆ రెండు సంఖ్యలకీ 1 తప్ప ఉమ్మడి భాజకం ఉండకూడదు.

నాలుగు గీతల్ని ఒకటి చేయాలంటే? ఈ పద్ధతి నేర్చుకుంటే మిగతా పేజీలన్నీ మీరే నింపుకుంటారు. ఒక కూడలిలో రెండు గీతలు ఒకదాన్నొకటి దాటడం మానేసి, ఎదురెదురుగా వచ్చి వంగి వెనక్కి తిరిగేలా మార్చాలి. అంటే గుణకారం గుర్తు ఉన్నచోట వీపు వీపు ఆనించిన రెండు బ్రాకెట్లు వస్తాయి. అలా మార్చిన కూడలిలో రెండు వేర్వేరు గీతలు ఉంటే అవి తప్పనిసరిగా ఒకటైపోతాయి. నాలుగు గీతలకి మూడు మార్పులు చాలు.

పని చేసే వరుస ఇదీ. నాలుగు గీతల్నీ నాలుగు రంగుల్లో దిద్దండి. రెండు రంగులు కలిసే కూడలిని ఒకటి ఎంచుకుని రబ్బరుతో చెరిపి మార్చండి. కలిసిన గీత మొత్తాన్నీ ఒకే రంగులో మళ్లీ దిద్దండి. అప్పుడే రెండో కూడలికి వెళ్లండి. రంగు దిద్దే పని బద్ధకించి మూడు కూడళ్లనీ ఒకేసారి మార్చేస్తే పొరపాటుకి చోటిచ్చినట్టే. మొదటి మార్పుతో కలిసిపోయిన గీతలు పాత రంగుల్లో ఇంకా వేరుగానే కనిపిస్తుంటాయి. ఒకే గీత తనని తాను దాటే కూడలిని మారిస్తే అది రెండుగా తెగిపోవచ్చు. గ్రాఫుల్లో యూనియన్-ఫైండ్ వాడినవాళ్లకి ఇది కొత్తగా అనిపించదు: కలిపే ముందు రెండూ ఇప్పుడు ఏ గుంపులో ఉన్నాయో చూడాలి, నిన్నటి గుంపు కాదు.

మూడు మార్పులతో ఒక్క గీత వస్తుంది గానీ నాలుగువైపులా ఒకేలా ఉండే అందం పోతుంది. తిప్పి చూసినా మారకుండా ఉండాలంటే మార్పులు నాలుగేసి చొప్పున చేయాలి, మూడు నాలుగుతో భాగించబడదు. తక్కువ మార్పులా, సౌష్ఠవమా అన్నది మీరే తేల్చుకోండి. పెద్ద కోడ్‌బేస్‌లో చిన్న ప్యాచ్ వేసేటప్పుడు ఎదురయ్యే బేరమూ ఇదే.

దాన్నే ప్రోగ్రాముగా రాయడం

చేత్తో ఐదారు ముగ్గులు వేశాకే కోడ్ రాయండి. ముందే రాస్తే బొమ్మ కంప్యూటరు గీస్తుంది, మీకేమీ పట్టుబడదు.

చుక్కల్ని బేసి నిరూపకాల మీద పెట్టండి: 1, 3, 5 అలా. 3×4కి పెట్టె వెడల్పు 6, ఎత్తు 8. గీత (1, 0) దగ్గర మొదలై అడుగుకి ఒకటి చొప్పున రెండు దిక్కుల్లోనూ కదులుతుంది. ఎక్స్ 0కి గానీ 6కి గానీ చేరితే అడ్డం దిశ గుర్తు మార్చాలి, వై 0కి గానీ 8కి గానీ చేరితే నిలువు దిశ గుర్తు మార్చాలి. బొమ్మ మొత్తం ఇంతే.

మూలకి తగిలితే ఏం చేయాలని షరతులు రాయడం మొదలుపెడతారు చాలామంది. అక్కర్లేదు. మొదటి బిందువులో ఎక్స్, వైల మొత్తం బేసి. ప్రతి అడుగులో ఆ మొత్తం 0 గానీ 2 గానీ మారుతుంది కాబట్టి ఎప్పటికీ బేసిగానే ఉంటుంది. పెట్టె మూలల్లో మొత్తం సరి సంఖ్య, చుక్కల దగ్గరా సరి సంఖ్యే. కాబట్టి గీత మూలకి వెళ్లదు, చుక్కని తాకదు. ఒక్క పరిశీలనతో రెండు షరతులు కోడ్‌లోంచి ఎగిరిపోయాయి.

అసలు బగ్ వేరేచోట వస్తుంది. వెళ్లిన బిందువుల్ని ఒక సెట్‌లో వేసుకుని, మళ్లీ అదే బిందువు వస్తే ఆపేయమని రాస్తారు. అప్పటికే దాటిన కూడలికి మొదటిసారి తిరిగి రాగానే గీత ఆగిపోతుంది, ఎందుకంటే ప్రతి కూడలినీ రెండుసార్లు దాటాలి. గుర్తుపెట్టుకోవలసింది చోటుని కాదు, చోటూ దిశా కలిపి. ఆఫీసు కోడ్‌లోనూ అంతే: ఒక ఆర్డర్ ‘పెండింగ్’లోకి రెండు దారుల్లో రావచ్చు, ఏ దారిన వచ్చిందో రాసుకోని వ్యవస్థ అర్ధరాత్రి ఫోన్ చేయిస్తుంది. ఆ తప్పుని ఇక్కడ 12 చుక్కల మీద చూస్తారు, అదీ కంటికి కనబడేలా.

కూడలి మార్పుల్ని అద్దాలుగా రాసుకోండి. నిలువు అద్దం అడ్డం దిశని తిప్పుతుంది, అడ్డ అద్దం నిలువు దిశని తిప్పుతుంది. అద్దాలు పెట్టాక ఇంకో చిక్కు వస్తుంది. అప్పటిదాకా గీతలన్నీ అంచుని తాకేవి కాబట్టి అంచు బిందువుల నుంచి మొదలుపెడితే అన్నీ దొరికేవి. లోపలి చుక్క ఒకదానికి నాలుగువైపులా, దాన్ని పక్క చుక్కల నుంచి వేరుచేసేలా అద్దాలు పెట్టి చూడండి. దాని చుట్టూ చిన్న సున్నా ఒంటరిగా మిగులుతుంది, అంచుని తాకదు, మీ ప్రోగ్రాము దాన్ని గీయనే గీయదు. కూడళ్లన్నీ కూడా వెతకాలి.

ఇది దొరికిపోవడానికి టెస్టు ఒకటుంది. ప్రతి చుక్క చుట్టూ నాలుగు చిన్న ఏటవాలు ముక్కలు ఉంటాయి కాబట్టి అన్ని గీతల అడుగులూ కలిపితే చుక్కల సంఖ్యకి నాలుగింతలు రావాలి. 3×4కి 48. అద్దాలు ఉన్నా లేకున్నా ఈ లెక్క మారదు. అద్దాలు లేనప్పుడు 1×1 నుంచి 12×12 దాకా 144 పరిమాణాలకీ గీతల సంఖ్య గసాభాతో సరిపోవాలి. ఉదాహరణలు నాలుగు రాసి వదిలేయకుండా, ఎప్పుడూ నిజమయ్యే మాటని టెస్టుగా పెట్టే అలవాటు ఆఫీసులో ప్రాపర్టీ టెస్టులు రాసేటప్పుడు అక్కరకొస్తుంది.

ఒక వాక్యంలో స్పెసిఫికేషన్

సంక్రాంతి ముందు పత్రికల్లో ముగ్గు కింద వేసే మాట చూడండి: ‘7 చుక్కలు, సందు చుక్క, 4 వచ్చేవరకు’. మధ్య వరుసలో 7, ఆపైన ప్రతి వరుసా రెండు చుక్కల సందులో మొదలై 6, 5, 4. కిందకీ అంతే. మొత్తం 37 చుక్కలు అంత చిన్న మాటలో ఇమిడిపోయాయి. ఎదురు చుక్కలైతే చుక్కకి ఎదురుగా చుక్క వస్తుంది, వరుసకి రెండు తగ్గుతాయి: 7, 5, 3, 1, మొత్తం 25. ‘7 ఎదురు చుక్కలు, 4 వచ్చేవరకు’ అని ఎవరైనా రాస్తే అది చెల్లని ఇన్‌పుట్, 7 నుంచి రెండేసి తగ్గితే 4 రాదు.

దీంతో టీమ్‌లో ఒక ఆట ఆడొచ్చు. ఒకరు ముగ్గుని చూస్తూ మాటల్లో మాత్రమే చెప్పాలి, ఇంకొకరు చూడకుండా వేయాలి. ప్రశ్నలు అడగడానికి వీల్లేదు. పదిహేను నిమిషాలు చాలు. ‘పక్కన’, ‘పైన’, ‘అలాగే’ అన్న మాటల దగ్గరే బొమ్మ చెడుతుంది. మీ టికెట్లలో కూడా ఆ మాటలే వెతకండి.

నేల మీదకి

పిండితో వేసేటప్పుడు చుక్కల మధ్య బెత్తెడు దూరం ఉంచండి. చుక్కలు మధ్య వరుస నుంచే పెట్టాలి. పై వరుస నుంచి దిగుతూ వస్తే చిన్న వంకర వరుస వరుసకీ పెరిగి కిందికొచ్చేసరికి ముగ్గు పక్కకి ఒరుగుతుంది. చివరి వరుసలో లెక్క సరిపోకపోతే ఎక్కడో చుక్క తప్పింది, గీత మొదలుపెట్టకముందే వెతకండి.

ముగ్గుపిండిని జల్లించండి, గడ్డ ఉంటే గీత మధ్యలో తెగుతుంది. బొటనవేలు, చూపుడువేలు మధ్య కొద్దిగా పట్టి నేలకి అంగుళం ఎత్తులో వేళ్లు రాస్తూ వదలాలి. చేయి పైకి పోతే గీత వెడల్పై పలచబడుతుంది. అపార్ట్‌మెంట్ టైల్స్ మీద పిండి జారుతుంది, అందుకని తడిగుడ్డతో తుడిచి తేమ మాత్రం మిగిలినప్పుడు వేయండి. నీళ్లు నిలిచి ఉంటే పిండి కరిగి పాకుతుంది. బియ్యప్పిండితో వేస్తే చీమలు వస్తాయి, పాతరోజుల్లో అందుకే వేసేవారు, మీ గడప ముందు మీకిష్టమో కాదో చూసుకోండి. ఫ్యాను ఆపేయడం మరవకండి.