మాంజా, కోడికత్తి గాయాలు: నొక్కిన గుడ్డ ఎత్తి చూడకండి

2024 సంక్రాంతికి హైదరాబాద్ లంగర్‌హౌస్ దగ్గర బైక్ మీద వెళ్తున్న ఓ సైనికుడి మెడను మాంజా కోసేసింది. ప్రాణం దక్కలేదు. 2021లో జగిత్యాల జిల్లాలో కోడి కాలికి కట్టిన కత్తి ఒకతని గజ్జల్లో దిగి చంపేసింది. మెడ, గజ్జలు రెండూ టోర్నికెట్ (రక్తం ఆపడానికి చేతికో కాలికో బిగించే పట్టీ) పట్టని చోట్లే. అక్కడ దిక్కు గాజ్ గుడ్డ, చేతుల బలం. 108కి ఫోన్ చేయాలని అందరికీ తెలుసు, దాని గురించి ఇక చెప్పం.

మనిషిని ముంచేది ఒకే తప్పు: ఆగిందో లేదోనని గుడ్డ ఎత్తి చూడటం. నొక్కి ఉంచినప్పుడు తెగిన నాళం దగ్గర లేత గడ్డ కడుతుంది. గుడ్డ ఎత్తారా, అదీ ఊడి వస్తుంది. రెండోసారి గడ్డ కట్టడానికి ఒంట్లో అంత సత్తువ మిగలదు.

గజ్జల్లో లోతు గాయమైతే రోల్ గాజ్ కొసను వేలితో సరిగ్గా రక్తం చిమ్మే చోటికే దించండి. మిగతాది గాయం నిండేదాకా కుక్కండి. చేతి మీద చెయ్యి వేసి, మోచేతులు వంచకుండా ఒంటి బరువంతా మోపండి. రక్తాన్ని త్వరగా గడ్డకట్టించే కేయోలిన్ లేదా కైటోసాన్ ఉన్న గాజ్ అయితే కనీసం 3 నిమిషాలు, మామూలుదైతే 10 నిమిషాలు. గడియారం చూసి లెక్కపెట్టండి, గాయం చూసి కాదు. ఖరీదైన గాజ్ కూడా పైపైన పరిస్తే మామూలు గుడ్డతో సమానమే. తడిసిందా? పైన ఇంకోటి వేసి ఇంకా గట్టిగా నొక్కండి. కిందిది తీయకండి.

మెడ అయితే రక్తం కారే వైపే నొక్కాలి. గొంతు గొట్టం మీద బరువు పడకూడదు, మెడ చుట్టూ కట్టు కట్టకూడదు.

చేతులకీ కాళ్లకీ టోర్నికెట్ ఉంది. గాయానికి 2–3 అంగుళాల పైన, మోకాలూ మోచేయీ తప్పించి వేయండి. ముందు పట్టీని చేత్తో బాగా లాగి, తర్వాత దానికున్న బిగింపు పుల్ల తిప్పండి. సన్న తాడు, వైరు వద్దు: సిర మూసుకుని ధమని తెరిచే ఉంటే రక్తం ఇంకా ఎక్కువ పోతుంది.

రక్తం ఆగేదాకా తిప్పండి. నొప్పితో అరుస్తాడు, అరవనివ్వండి. వదులు చేయొద్దు. ఆగకపోతే దానికి పైవైపు, పక్కనే రెండో టోర్నికెట్. వేసిన టైము రాయండి. పసుపు, కాఫీ పొడి, సున్నం వద్దు. దూది కుక్కొద్దు. ఛాతీలో, పొట్టలో గాజ్ దూర్చొద్దు. దిగిన కత్తి పీకొద్దు. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్, క్లోపిడోగ్రెల్ లాంటి మందులు వాడేవాళ్లను ఇంకా ఎక్కువసేపు నొక్కాలి. చవక టోర్నికెట్ల పుల్ల బిగించేటప్పుడే విరగొచ్చు, కొనొద్దు. ప్రాక్టీసుకు వాడినదాన్ని కిట్‌లో పెట్టొద్దు. గాజ్ ప్యాకెట్ గడువు పండక్కి ముందే చూడండి. నీళ్లు తాగించొద్దు. ఎత్తి చూడొద్దు. పక్కవాళ్లు అడిగినా చూపించొద్దు. 108 వాళ్లు వచ్చాక కూడా, తీయమని చెప్పేదాకా చేతులు తీయొద్దు.