ఐదు షెడ్లు, ఒకే కేబుల్: ఆర్డుయినోలను ఆర్‌ఎస్-485తో కంప్యూటర్‌కు కలపడం

తణుకు దగ్గర మా బావగారి కోళ్ళ ఫారంలో ఐదు షెడ్లున్నాయి. ఏ షెడ్డులో ఎంత వేడి ఉందో ఆఫీసు గదిలోని కంప్యూటర్లో కనిపించాలన్నారు. చివరి షెడ్డు 180 మీటర్ల దూరం. యూఎస్‌బీ కేబుల్ ఐదు మీటర్లు దాటితే నమ్మలేం. ఆర్డుయినో నానో (ప్రోగ్రాం ఎక్కించే చిన్న సర్క్యూట్ బోర్డు) ఇచ్చే 5 వోల్టుల సీరియల్ సిగ్నల్‌ను అంత దూరం లాగితే ఫ్యాన్ మోటార్ల నాయిస్‌కే చెడిపోతుంది. అందుకే ఆర్‌ఎస్-485 (రెండు తీగల మీద దూరానికి సిగ్నల్ పంపే పద్ధతి) పెట్టాను. ఇది ఎ, బి అనే రెండు తీగల మధ్య వోల్టేజీ తేడానే చూస్తుంది. రెండింటి మీదా ఒకేలా పడ్డ నాయిస్ లెక్కలోకి రాదు.

షెడ్డుకో నానో, వేడి కొలిచే సెన్సర్, నానో సిగ్నల్‌ను ఆర్‌ఎస్-485లోకి మార్చే మాక్స్485 మాడ్యూల్. కంప్యూటర్‌కు యూఎస్‌బీ-485 కన్వర్టర్. మామూలు క్యాట్-5 కేబుల్ సరిపోతుంది. మెలితిప్పిన ఒక జతను ఎ, బిలకు, ఇంకో జతను గ్రౌండ్‌కు వాడండి. కేబుల్ ఒక షెడ్డు నుంచి పక్క షెడ్డుకు వరసగా పోవాలి. ఆఫీసు నుంచి తలో వైపుకీ చీల్చొద్దు.

నన్ను మూడు రోజులు ఏడిపించింది మాడ్యూల్ మీది ఒక చిన్న రెసిస్టర్. టేబుల్ మీద రెండు బోర్డులతో చక్కగా నడిచింది. ఐదూ కలపగానే అన్నీ పిచ్చి అక్షరాలే. భూతద్దం పెట్టి చూస్తే ప్రతి మాడ్యూల్ మీదా ‘121’ అని రాసిన రెసిస్టర్ ఉంది, అంటే 120 ఓంలు. అది లైనుకు రెండు కొసల్లోనే ఉండాలి. ఐదూ పక్కపక్కన పడితే 24 ఓంలే మిగులుతాయి, చిప్ ఆ లోడు మోయలేదు. మధ్య నాలుగు మాడ్యూళ్ళవి సోల్డరింగ్ ఐరన్‌తో పీకేశాను. చివరి షెడ్డులో ఒకటి, కన్వర్టర్ దగ్గర ఒకటి ఉంచాను. కరెంటు తీసేసి ఎ, బిల మధ్య మల్టీమీటర్ పెడితే 60 ఓంల దగ్గర చూపించాలి. ఈ ఒక్క కొలత మాత్రం మానొద్దు.

ఇక ప్రోగ్రాం. కంప్యూటర్ అడిగితేనే బోర్డు మాట్లాడాలి. కంప్యూటర్ ‘#3’ అని పంపితే మూడో బోర్డు ఒక్కటే ‘>3 31.5’ అని జవాబిస్తుంది. ప్రశ్నకూ జవాబుకూ మొదటి గుర్తు వేరుగా ఉండాలి, ఎందుకంటే జవాబును మిగతా బోర్డులూ వింటాయి.

డీఈ, ఆర్‌ఈ అనే మాడ్యూల్ పిన్నులను (పంపాలా వినాలా అని చెప్పేవి) కలిపి నానో 2వ పిన్నుకు ఇచ్చాను. పంపే ముందు దాన్ని హై (5 వోల్టులు) చేయాలి, పంపాక లో (సున్నా). అయితే ప్రోగ్రాంలో ప్రింట్ ఆదేశం అయిన వెంటనే లో చేస్తే జవాబు మధ్యలోనే తెగిపోతుంది. సెకనుకు 9600 బిట్లు, అంటే 9600 బాడ్‌లో ఒక్కో అక్షరం బయటికి పోవడానికి మిల్లీసెకండు పైనే పడుతుంది. మధ్యలో సీరియల్ ఫ్లష్ అనే ఆదేశం పెట్టండి, చివరి బిట్టు వెళ్ళేదాకా అది ఆగుతుంది. నానోలోకి ప్రోగ్రాం ఎక్కించేటప్పుడు మాడ్యూల్ ఆర్‌ఓ తీగ (మాడ్యూల్ నుంచి నానోకు డేటా తెచ్చేది) ఊడదీయండి, లేకపోతే అప్‌లోడ్ కాదు.

కంప్యూటర్లో పైథాన్, దానితో సీరియల్ పోర్టును వాడే పైసీరియల్ లైబ్రరీ చాలు. టైమౌట్ (జవాబు కోసం ఆగే సమయం) 0.2 సెకండ్లు పెట్టి, మూడుసార్లు అడిగినా జవాబు రాకపోతే ఆ షెడ్డును ఎరుపులో చూపించమన్నాను. డబ్బాలు బిగించే ముందు ఏదో ఒక బోర్డుకు కరెంటు తీసి చూడండి. అదొక్కటే ఎరుపెక్కాలి, మిగతా నాలుగూ ఆగకుండా చెబుతూనే ఉండాలి.