తొడ కండరం కొలత ఒకటి చెబుతుంటే నడక ఇంకొకటి చెబుతోందా? సమస్య - పరిష్కారం

వయసు పైబడిన మహిళల్లో తొడ ముందు వైపు కండరాన్ని అల్ట్రాసౌండ్‌తో కొలిస్తే, వాళ్లు లేవడం, నడవడం, మెట్లెక్కడం ఎంత సులువుగా చేయగలరో కొంత అంచనా దొరుకుతుంది. రేడియేషన్ ఉండదు, మెషీన్‌ను మంచం దగ్గరికే తీసుకెళ్లవచ్చు. చిక్కల్లా ఒకటే. మనం వెతికే తేడా కొన్ని మిల్లీమీటర్లే, మన చేతి ఒత్తిడి తెచ్చే తేడా కూడా అంతే. అందుకని "మీ కండరం తగ్గింది" అని ఒక పెద్దావిడకు చెప్పే ముందు కొలతను మరోసారి సరిచూడాలి.

సమస్య: అదే కాలు, అదే రోజు, మూడుసార్లు కొలిస్తే మూడు అంకెలు

ముందుగా ప్రోబ్‌ను (చర్మం మీద ఆనించే అల్ట్రాసౌండ్ పరికరాన్ని) నొక్కుతున్నారేమో చూడండి. సడలి ఉన్న కండరం కొద్దిపాటి బరువుకే అణిగి పలచగా కనిపిస్తుంది. జెల్ దండిగా వేయండి. స్క్రీన్ మీద ప్రోబ్‌కూ చర్మానికీ మధ్య నల్లటి జెల్ పొర కనిపిస్తే ఒత్తిడి లేనట్టే. ఆ పొర మాయమైతే చేయి కాస్త పైకి తీసి, అప్పుడే స్క్రీన్ మీద బొమ్మను ఫ్రీజ్ చేయండి, అంటే కదలకుండా ఆపండి. మూడు కొలతల సగటు రాసుకోండి.

రెండో కారణం, చోటు మారడం. తుంటి ముందు చేతికి తగిలే ఎముక కొన నుంచి మోకాలి చిప్ప పై అంచు దాకా టేపు పట్టి, సరిగ్గా సగం దగ్గర గుర్తు పెట్టండి. కొందరు ఇంకాస్త కిందికి, మూడింట రెండు వంతుల దగ్గర కొలుస్తారు. ఏదైనా ఫర్వాలేదు గానీ, ప్రతిసారీ అదే చోటు కావాలి. పారదర్శకమైన షీటు మీద ఆ గుర్తుతో పాటు దగ్గర్లోని పుట్టుమచ్చలు, మచ్చలు కూడా గీసుకుంటే నెలల తర్వాత కూడా అదే చోటు దొరుకుతుంది.

పడుకున్న వెంటనే కొలవకండి. నిలబడినప్పుడు కాళ్లలోకి దిగిన ద్రవం సర్దుకోవడానికి పది నిమిషాలు ఆగండి. మోకాలు చాపి, కండరం వదులుగా ఉండాలి.

సమస్య: మందం బాగానే ఉంది, కానీ కుర్చీలోంచి లేవలేకపోతున్నారు

నా దృష్టిలో ఎక్కువ ఓపిక పెట్టాల్సింది ఇక్కడే. వయసుతో కండరం పరిమాణం కంటే బలం వేగంగా తగ్గుతుంది. కండర పోగుల మధ్య కొవ్వు, పీచు కణజాలం చేరితే మందం అలాగే ఉన్నా కండరం చేసే పని తగ్గుతుంది. అలాంటి కండరం స్క్రీన్ మీద తెల్లగా కనిపిస్తుంది. ఈ తెలుపును 0 నుంచి 255 స్కేలు మీద కొలిచేదే ఎకో ఇంటెన్సిటీ. మందంతో పాటు దాన్నీ చూడండి. కొలవాల్సిన కండరం చుట్టూ స్క్రీన్ మీద గీత గీసేటప్పుడు, కండరాన్ని కప్పి ఉన్న తెల్లటి పొర, కింద ఎముక ఆ గీత లోపలికి రాకూడదు. కాళ్లలో నీరు చేరినా మందం, తెలుపు రెండూ పెరుగుతాయి కాబట్టి వాపు ఉందేమో వేలితో నొక్కి చూడండి.

కారణం కండరంలోనే ఉండాలని లేదు. మోకాలి కీలు అరిగి నొప్పి, వాపు ఉంటే నరాల వ్యవస్థే తొడ కండరాన్ని పూర్తిగా బిగుసుకోనివ్వదు. పడిపోతామన్న భయం, చూపు, బ్యాలెన్స్ కూడా అడగాలి. చేతులు ఛాతీ మీద కట్టుకుని కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చునే పరీక్ష తప్పక చేయించండి. వయసుతో కండరం క్షీణించడం మీద యూరప్ నిపుణుల 2019 మార్గదర్శకంలో 15 సెకన్లు దాటితే బలం తక్కువ. ఆసియా బృందం 2019 ప్రమాణంలో 12 సెకన్లు, అంతకు మించితే పనితీరు తక్కువ. మహిళల చేతి పట్టుకు ఈ రెండింటి హద్దులు వరుసగా 16 కిలోలు, 18 కిలోలు, అంతకు తగ్గితే బలం తక్కువ. ఏదో ఒక ప్రమాణాన్నే పాటించండి, రెండూ కలపకండి. "లేవలేకపోతున్నానమ్మా" అని ఆవిడ చెబుతుంటే మంచి అంకె చూపించి ఆ మాట కొట్టిపారేయకూడదు.

సమస్య: ఎకో ఇంటెన్సిటీ ఒక్కసారిగా మారింది

గెయిన్ (బొమ్మ వెలుగును పెంచే, తగ్గించే సెట్టింగ్), డెప్త్ (ఎంత లోతు దాకా చూపాలనే సెట్టింగ్) మారాయా, మెషీన్ మారిందా చూడండి. వేరే మెషీన్ అంకెతో పోల్చడానికి లేదు. సెట్టింగ్‌లను ప్రీసెట్‌గా సేవ్ చేయండి. ప్రోబ్ వాలినా కండరం నల్లబడుతుంది, ఎముక గీత బాగా మెరిసేలా నిటారుగా పట్టండి. మహిళల తొడలో చర్మం కింద కొవ్వు పొర మగవాళ్ల కంటే మందం. అది ధ్వనిని తగ్గించి, కండరాన్ని ఉన్నదానికంటే నల్లగా, అంటే మెరుగ్గా చూపిస్తుంది. ఆ పొర మందం కూడా రాసుకోండి.

సమస్య: మందం తక్కువ, కానీ చురుగ్గా నడుస్తున్నారు

చిన్న శరీరానికి చిన్న కండరమే ఉంటుంది. అందరూ ఒప్పుకున్న ఒకే హద్దు అల్ట్రాసౌండ్ మందానికి లేదు. ఆవిడ పాత కొలతతోనే పోల్చండి.

సమస్య: వ్యాయామం మొదలుపెట్టి కొన్ని వారాలైనా మందం పెరగలేదు

మొదటి వారాల్లో బలం ఎక్కువగా నరాల వల్ల పెరుగుతుంది, కండరం తర్వాత పెరుగుతుంది. కుర్చీ పరీక్ష సమయం తగ్గిందా చూడండి, తగ్గితే ఆవిడకు ఆ మాట చెప్పండి. వ్యాయామం చేసిన వెంటనే స్కాన్ వద్దు, అప్పటి ఉబ్బు కండరం పెరిగినట్టు చూపిస్తుంది.

ఒక కాలే సన్నబడుతున్నా, వారాల్లోనే బలం పడిపోతున్నా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా మళ్లీ స్కాన్ దాకా ఆగకుండా డాక్టర్ దగ్గరికి పంపండి.