దుబాయ్ బేరానికి రూపాయల్లో ఇన్వాయిస్: విశాఖ ఎగుమతిదారులకు

2023 జులై 15న మన రిజర్వ్ బ్యాంకు, యూఏఈ కేంద్ర బ్యాంకు సొంత కరెన్సీల్లో చెల్లింపులకు ఒప్పందం చేసుకున్నాయి. మరుసటి నెలలోనే అబుదాబి నుంచి కొన్న 10 లక్షల పీపాల ముడిచమురుకు ఇండియన్ ఆయిల్ రూపాయల్లో డబ్బు కట్టింది. చమురు అమ్మినవాడు ఆ రూపాయలతో ఏదో ఒకటి కొనాలి, లేకపోతే అవి పేరుకుపోతాయి. రష్యాకు అదే జరిగింది. వందల కోట్ల రూపాయలు మూలుగుతున్నాయని, వాటిని వాడుకోవాలని విదేశాంగ మంత్రి లావ్రోవ్ 2023 మేలో గోవాలోనే చెప్పారు. గల్ఫ్ చేతిలోని రూపాయలు మన రొయ్యల కంటైనర్ల దాకా రావాలంటే కాగితాలు మొదటి నుంచీ సరిగ్గా ఉండాలి.

ధర మాట్లాడకముందే కొనుగోలుదారును బ్యాంకు పేరు అడగండి. ఆ బ్యాంకుకు మన దేశంలోని ఏదో ఒక బ్యాంకులో ప్రత్యేక రూపాయి వోస్ట్రో ఖాతా (విదేశీ బ్యాంకు మన బ్యాంకులో రూపాయల్లో నడిపే ఖాతా) ఉండాలి. డాలర్ చెల్లింపైతే న్యూయార్క్ బ్యాంకు మీదుగా తిరిగి వస్తుంది. ఇక్కడ ఆ వోస్ట్రోలో తగ్గిన రూపాయలే మీ ఖాతాలో పడతాయి. ఖాతా లేదంటే నిరాశపడక్కర్లేదు. 2025 ఆగస్టు నుంచి వాటిని తెరవడానికి బ్యాంకులకు రిజర్వ్ బ్యాంకు ముందస్తు అనుమతి అవసరం లేదు. ఖాతా తెరుచుకున్నాకే సరుకు పంపండి.

ఒప్పందంలో కరెన్సీ ‘ఐఎన్‌ఆర్’ అని, ధర ఎఫ్‌ఓబీ విశాఖపట్నం అని (అంటే సరుకు ఓడ ఎక్కించేదాకా ఖర్చే మీది) రాయించండి. ఓడ కిరాయి మీ నెత్తిన వేసుకోకండి. షిప్పింగ్ లైన్లు ఇప్పటికీ దాన్ని డాలర్లలోనే లెక్కకడతాయి, రూపాయి జారితే మీ లాభం అందులోనే పోతుంది.

దిర్హామ్ డాలర్‌కు 3.6725 దగ్గర కట్టేసి ఉంది. కాబట్టి డాలర్ 90 రూపాయలైతే దిర్హామ్ దాదాపు 24.51, డాలర్ 92 అయితే 25.05. ఇన్వాయిస్ 80 లక్షలనుకోండి. మొదటి రేటుకు కొనుగోలుదారుకు పడేది సుమారు 3,26,400 దిర్హాములు, రెండో రేటుకు 3,19,400. ఆ తేడా అతనికి మిగులుతుంది, మీకు 80 లక్షలే. రొయ్యల కొనుగోలు, ఐస్, కూలి, ప్యాకింగ్ అంతా రూపాయల్లో కట్టే ప్లాంటుకు ఇది నిశ్చింత. డాలర్ అప్పు ఉన్నవాళ్లకు మాత్రం ఈ పద్ధతిని మేము సిఫార్సు చెయ్యం.

ఎక్కువమంది జారిపడేది షిప్పింగ్ బిల్ (కస్టమ్స్‌కు దాఖలు చేసే ఎగుమతి పత్రం) దగ్గర. కస్టమ్స్ బ్రోకర్ పాత ఫైలునే కాపీ చేస్తే కరెన్సీ గడిలో డాలరే ఉండిపోతుంది. దాఖలుకు ముందు పంపే చెక్‌లిస్టులో ఆ గడిని, ఇన్వాయిస్ మొత్తాన్ని మీరే స్వయంగా చూడండి. సరుకు వెళ్లాక దిద్దాలంటే కస్టమ్స్ చట్టం 149వ సెక్షన్ కింద అర్జీ పెట్టి తిరగాలి. అప్పటిదాకా, ఎగుమతి డబ్బు వచ్చిందో లేదో బ్యాంకులు చూసే కంప్యూటర్ వ్యవస్థ ఈడీపీఎంఎస్‌లో ఆ బిల్లు తెరిచే ఉంటుంది, తర్వాతి సరుకుకూ అడ్డుపడొచ్చు.

డబ్బు పడ్డాక అది ప్రత్యేక వోస్ట్రో నుంచే వచ్చిందని బ్యాంకు దగ్గర కాగితం తీసుకోండి. ఎగుమతి ప్రోత్సాహకాలకు అదే ఆధారం. చివరికి, ఎగుమతి డబ్బు అందిందని చెప్పే ధ్రువపత్రం ఈ-బీఆర్‌సీలో కరెన్సీ, షిప్పింగ్ బిల్ నంబరు, మొత్తం మూడూ కలిశాయో లేదో చూసుకుని ఫైలు మూయండి.